షుగర్ పెరిగిందని అందరి ముందూ తిడుతున్నారు, ఏం చేయాలి?

మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లెటూరు. అమ్మకి టైప్ 2 షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. ఈసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. చాలామందికి 7 లోపు ఉండాలంటారు కాబట్టి ఎక్కువే, కాదనను. కానీ రిపోర్టు చూడగానే నర్సు అందరూ వినేలా "మళ్లీ అన్నం మెక్కేసినావా? నీకు చెప్పడం మా వల్ల కాదు" అంది. డాక్టరు గారు తల కూడా ఎత్తకుండా మాత్ర డోసు పెంచి పంపేశారు.

అసలు సంగతి చెప్పనే లేదు. పొలం నుంచి వచ్చేసరికి భోజనం ఆలస్యమైతే అమ్మకి చెమటలు, చేతులు వణుకు. ఓ సాయంత్రం మీటర్లో 62 చూపించింది. 70 కంటే తగ్గితే లో షుగరే కదా, పైగా గ్లిమిపిరైడ్‌తో అలా పడిపోవచ్చంటారు. మరి డోసు పెంచితే ఎలా అని అడిగితే "నువ్వు డాక్టరువా?" అన్నారు.

ఇప్పుడు అమ్మ ఆసుపత్రికే రానంటోంది. తిట్లకి భయపడి పొద్దున చోడి (రాగి) అంబలి కూడా మానేసింది. మాత్ర వేసుకుని పస్తుండటం ఇంకా టెన్షన్.

రీడింగులు పుస్తకంలో రాసి చూపిస్తే డాక్టర్లు పట్టించుకుంటారా? సూపరింటెండెంట్‌కి రాసిస్తే పని జరుగుతుందా, కక్ష కడతారా? కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా ఎవరూ రాయలేదు, మా చుట్టాలంతా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపే, అందుకే ఆ దిగులు. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఓపిగ్గా వినే షుగర్ డాక్టరు ఉంటే చెప్పండి, పుణ్యముంటుంది.