పాఠశాల గ్రంథపాలకులు పిల్లలను మారుతున్న కాలానికి ఎలా సిద్ధం చేయగలరు? – మీ అనుభవాలు చెప్పండి

కావలి_తెలుగుటీచర్:
మా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో లైబ్రేరియన్ పోస్టు లేదు కనుక ఆ బాధ్యతను ఈ ఏడాది నాకు అప్పగించారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ప్రాజెక్టు పనికి పుస్తకం తెరవడం దాదాపు మానేసి, ఇంట్లో పెద్దల ఫోనులో వచ్చిన జవాబును పొల్లు పోకుండా ఎక్కించుకొని తెస్తున్నారు. ఫోనులో వచ్చినదానిని సరిచూసుకోవడం ఎలా నేర్పాలి? ఏయే పుస్తకాలు తెప్పించాలి? టైంటేబిల్లో వారానికి ఒక పీరియడు ఎలా సంపాదించాలి?

ఒంగోలు_విశ్రాంత_ఉపాధ్యాయుడు:
అమ్మా, ముందు బీరువా తాళం తీయండి. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ పుస్తకాలు ఉన్నాయి కానీ పిల్లల చేతికి అందలేదు. ఒక్క పుస్తకం పోయినా ఇన్‌చార్జి ఉపాధ్యాయుడే డబ్బు కట్టాలన్న భయం వల్ల అవి అట్టలు విప్పకుండానే చెదలు పట్టిపోయాయి. నేను తలుపులు తెరిచి, అరువు రిజిస్టరును పదో తరగతి పిల్లలకే అప్పగించాను. వాళ్లు నాకంటే శ్రద్ధగా రాశారు.

నెల్లూరు_లైబ్రేరియన్:
కావలి మేడం గారి మొదటి ప్రశ్నకు మా బడిలో చేయించిన పని చెబుతాను. ప్రకాశం జిల్లా ఏ సంవత్సరంలో ఏర్పడిందో కనుక్కొని రమ్మని ఎనిమిదో తరగతి పిల్లలను అడిగాను. కొందరు 1970 అని, కొందరు 1972 అని తెచ్చి, ఎదుటివారిదే తప్పని వాదించుకున్నారు. నేను జవాబు చెప్పకుండా, ఎవరు ఎక్కడ చూశారో బోర్డు మీద రాయించి, పాత గెజిటీరును (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథాన్ని) బల్ల మీద పెట్టాను. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకుందని ఒక అమ్మాయే పేజీ తిప్పి చదివింది. రెండు సంవత్సరాలూ నిజమే, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. యంత్రం ఎంత తెలివైనదైనా, ఏ ప్రశ్నకు ఏ జవాబు చెందుతుందో చూసుకోవలసినది మనిషే అని ఆ పీరియడులో పిల్లలకు బాగా పట్టుబడింది.

కేంద్ర_సర్వీసు_అనుభవం:
పోయిన పుస్తకాలకు ఉపాధ్యాయుడు డబ్బు కట్టాలని పైన ఒక పెద్దాయన రాశారు. ఇరవై ఏళ్లకు పైగా ఆడిట్లు ఎదుర్కొన్నవాడిగా చెబుతున్నాను, ఆ భయానికి ఆధారం లేదు. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలలో 215వ నిబంధన చదవండి. ఏడాదిలో ఇచ్చిన, చదివించిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజ నష్టమేననీ, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే సరిపోతుందనీ అందులో స్పష్టంగా ఉంది. 1000 రూపాయలకు మించిన పుస్తకమూ అరుదైన పుస్తకమూ పోతేనే విచారణ తప్పనిసరి.

కనిగిరి_ఉపాధ్యాయుడు:
అయ్యా, మీరు చెప్పినది కేంద్ర ప్రభుత్వ నిబంధన. జిల్లా పరిషత్తు బడికి దానిని చూపిస్తే ఎవరు ఒప్పుకుంటారు? నా భార్య పనిచేసిన బడిలో బదిలీ సమయాన లెక్క తేలలేదని నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే పత్రం) ఆపారు, చివరకు ఆమె తన జీతంలోంచి కట్టి బయటపడింది. అనుభవించినవాళ్లకు ఆధారం లేదని చెప్పడం న్యాయం కాదు.

కేంద్ర_సర్వీసు_అనుభవం:
నిబంధన మీకు వర్తిస్తుందని నేను అనలేదు. ఆ సూత్రాన్ని చూపి, ప్రధానోపాధ్యాయుల ద్వారా ముందే లిఖితపూర్వకంగా అనుమతి అడగవచ్చని నా ఉద్దేశం. అడగకుండా కట్టేస్తే తరువాత వచ్చినవాళ్లూ కట్టవలసి వస్తుంది.

కనిగిరి_ఉపాధ్యాయుడు:
బదిలీ ఉత్తర్వు చేతిలో పట్టుకొని, పిల్లలతో సామాను సర్దుకుంటున్న మనిషి ఎవరికి అర్జీ పెట్టుకుంటారు? దయచేసి ఆ పరిస్థితిని కూడా ఆలోచించండి.

ఒంగోలు_విశ్రాంత_ఉపాధ్యాయుడు:
ఇద్దరూ శాంతించండి. ఏటా వేసవి సెలవులకు ముందే లెక్క సరిచూసి, చిరిగినవీ పోయినవీ రాసి సంతకం చేయించుకుంటే బదిలీ నాడు ఈ బాధ ఉండదు.

పన్ను_కట్టే_పౌరుడు:
1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థది, బడికి రాదు. అలాంటప్పుడు పిల్లలందరినీ దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో సభ్యులుగా చేర్పించే పని బడి ఎందుకు చేయకూడదు? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి ఉంది, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడి పాత పత్రికలను చూడకుండా పదో తరగతి దాటే పిల్లలు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు.

మార్కాపురం_తండ్రి:
మీరంతా పుస్తకాల లెక్కలు మాట్లాడుతున్నారు, నేను బతుకుతెరువు సంగతి చెబుతాను. మా నాన్న పలకల కార్ఖానాలో పనిచేశారు. బళ్లలో పలక పోయి నోటుపుస్తకం వచ్చాక ఆ పని కుంగిపోతుంటే, అదే రాయి ఇళ్లకు అలంకరణ పలకలుగా మారి బయటి దేశాలకు వెళ్తున్నదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ మాట మా బడిలో ఎవరూ చెప్పలేదు. పత్రికల్లో చీమకుర్తి గ్రానైటు, నెల్లూరు రొయ్యల చెరువులు, కృష్ణపట్నం ఓడరేవు గురించి వచ్చే వార్తలను కత్తిరించి, తేదీ వేసి, పనులవారీగా అతికించి ఉంచే గ్రంథపాలకుడు ఉంటే, ఏ పని పెరుగుతోందో ఏది తగ్గుతోందో పిల్లలు తమ కళ్లతో చూసుకుంటారు. నా కూతురి బడికి నేను కోరేది ఇదొక్కటే.

కావలి_తెలుగుటీచర్:
మార్కాపురం సోదరులకు కృతజ్ఞతలు. ఆ ఫైలును మా పిల్లల చేత ఈ నెలలోనే మొదలుపెట్టిస్తాను. పీరియడు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నెల్లూరు సార్, బోర్డు మీద మీరు రాయించిన పట్టిక ఎలా ఉంటుందో తెలుపగలరా?

నెల్లూరు_లైబ్రేరియన్:
తప్పకుండా, మేడం. పట్టికకు నాలుగు గడులు చాలు: అడిగిన ప్రశ్న, దొరికిన జవాబు, అది ఎక్కడ ఎవరు రాసినదో, దానికి తోడుగా చూసిన రెండో ఆధారం. నాలుగో గడి ఖాళీగా ఉన్న ప్రాజెక్టును మా సాంఘికశాస్త్రం టీచరు దిద్దడానికి తీసుకోరు. పీరియడు కూడా నాకు అలాగే దక్కింది, ఆయన తన ప్రాజెక్టు పీరియడును గ్రంథాలయంలో పెట్టుకుంటున్నారు కనుక టైంటేబిలు మార్చవలసిన అవసరమే రాలేదు.