ఎరుకల భాషకి ద్రావిడ కుటుంబం కోడ్ పెట్టొచ్చా?

బిట్రగుంట అబ్బాయి:
మేం నలుగురం ఒక ఆరోగ్య యాప్‌ని ఎరుకల భాషలో పెడుతున్నాం, మా పెద్దోళ్ళు వాడుకోవడానికి. యాప్‌లో భాషల జాబితాలో ఎరుకల పేరే లేదు. ఏ మాటలు ఏ భాషవో ఫోను గుర్తుపట్టడానికి భాషకి ఒక చిన్న అక్షరాల కోడు పెట్టాలంట. యాప్ రాసినాయన "ద్రావిడ భాషలకి డి ఆర్ ఏ అని కోడుంది, అందులో పెట్టేద్దాం" అంటున్నాడు. సరేనా అన్నా?

ఒంగోలు కోడర్:
నేనైతే సరే అంటా. ప్రతి చిన్న భాషకీ ఒక ఫైలు పెడితే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అన్నిటినీ మార్చేదెవరు? గోండీకి జి ఓ ఎన్ అని ఒక్క గొడుగు కోడు ఉంది కదా.

పెన్నా ఒడ్డు:
తమ్ముడూ, అస్సలు ఒప్పుకోవద్దు. గోండీ పోలిక ఇక్కడ కుదరదు, జి ఓ ఎన్ కింద ఉన్నవి గోండీ రకాలే, ఆదిలాబాద్ గోండీ లాంటివి, వాటికీ విడి కోడ్లున్నాయి. డి ఆర్ ఏ అట్లా కాదు, అందులో తెలుగు, తమిళం, కన్నడం, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ కూడా వస్తాయి. అది లైబ్రరీ వాళ్ళు పుస్తకాలు సర్దుకోవడానికి పనికొస్తుందేమోగానీ, "మాత్ర ఎప్పుడు వేసుకోవాలి" అన్న వాక్యం ఏ భాషలో ఉందో ఫోనుకి చెప్పదు. మీరు ఎరుకలని అందులో పెట్టారనుకో, రేపు నల్లమల నుంచి చెంచు వాళ్ళొస్తే వాళ్ళ మాటలు ఎక్కడ పెడతారు? మీ వాటి మీదే రాయాలి. భాషలకి మూడక్షరాల కోడ్లిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 639-3లో ఎరుకలకి వై ఇ యు అని సొంత కోడుంది, చెంచుకి సి డి ఇ. ఇంటర్నెట్‌లో భాషల కోడ్లు ఎట్లా వాడాలో చెప్పే పత్రం, 2009లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5646 కూడా భాషకి సొంత కోడున్నప్పుడు కుటుంబం కోడ్ వాడొద్దనే చెబుతుంది.

ఒంగోలు కోడర్:
కోడు సంగతి ఒప్పుకుంటా. కానీ ఫోను సెట్టింగుల్లో ఎరుకల కనపడకపోతే ఎవరు ఎంచుకుంటారు?

పెన్నా ఒడ్డు:
అది నిజమే అన్నా, అందుకే భాష ఎంచుకునే బటన్ యాప్ లోపలే, మొదటి తెర మీదే ఉండాలి. ఇంకోటి, తర్జుమా కాని వాక్యాలకి ఆండ్రాయిడ్ డిఫాల్ట్ ఫోల్డర్‌లో, అంటే ఏ భాష కోడూ లేని ఫోల్డర్‌లో, ఉన్నది చూపిస్తుంది. అక్కడ ఇంగ్లీషుంటే అవ్వ ఆగిపోద్ది, తెలుగు పెట్టండి.

బిట్రగుంట అబ్బాయి:
పొద్దున మా ఎరుకల మాటలున్న ఫోల్డర్ పేరు వై ఇ యు అని మార్చి చూశాం. మా నాయనమ్మ "వెనక్కి" బటన్ మీద మా మాట చూసి, దాన్ని వేలితో నొక్కకుండా రెండుసార్లు పైకే చదివింది. డి ఆర్ ఏ తీసేయమని యాప్ ఆయనకి ఇప్పుడే రాశా.