క్యాడ్‌లో పేరెంట్–చైల్డ్: తల్లి–పిల్లా, ఆధారం–ఆధేయమా?

ప్రశ్న (విజయవాడ, ఆటోనగర్)
ట్రాలీ డ్రాయింగులు నేర్చుకునే కుర్రాళ్ళ కోసం సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో యంత్రభాగాలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్) మీద తెలుగులో నోట్సు తయారవుతోంది. చెట్టులో, అంటే మోడల్‌లో చేసిన పనులన్నీ వరసగా చూపే పట్టీలో, ఏదైనా ఫీచర్ (ఒక్కో పని) మీద కుడి క్లిక్ కొడితే పేరెంట్/చైల్డ్ అని వస్తుంది. ఏది దేని మీద ఆధారపడిందో చూపే పెట్టె అది. దీన్ని ‘తల్లి–పిల్ల’ అంటే సరిపోదా? తల్లివేరు, పిల్లవేరు, పిల్లకాలువ ఎటూ మన నోట్లో ఉన్నవేగా. బందరు కాలువకి నీళ్ళు వదలకపోతే దాని పిల్లకాలువలు ఎండుతాయి, అదే లెక్క.

గుంటూరు
కాలువకి సరిపోయింది గానీ చెట్టు దగ్గర తిరగబడుతుందండీ. 10 మి.మీ. మందం ప్లేటు తీసుకోండి. ముందు స్కెచ్ (చదునైన గీత బొమ్మ), తర్వాత ఎక్స్‌ట్రూడ్ (దానికి మందం ఇవ్వడం). చెట్టులో మాత్రం ఎక్స్‌ట్రూడ్ పైన ఉంటుంది, స్కెచ్ దాని కడుపులో ఉంటుంది. కుర్రాడు చూసీ చూడగానే ఎక్స్‌ట్రూడ్ తల్లి, స్కెచ్ పిల్ల అనుకుంటాడు. పెట్టె తెరిస్తే స్కెచ్ పేరెంట్ల వైపు కనిపిస్తుంది. కడుపులో ఉన్నదే తల్లి అని ఎలా నచ్చజెబుతారు?

గిన్నె నెయ్యికి ఆధారమా, నెయ్యి గిన్నెకి ఆధారమా అని తర్కం చదివినవాళ్ళ మీద ఒక పాత వెటకారం ఉంది. ఇక్కడ అది వెటకారం కాదు, అసలు పాఠమే. లోపల ఉండటం వేరు, ఆధారపడటం వేరు. అందుకని ఆధారం–ఆధేయం (ఆధారం మీద నిలిచేది).

ఆటోనగర్
ఆధేయం అంటే విధేయం అనుకుంటారు మాస్టారూ.

తెనాలి
నామవాచకం కోసం ఎందుకంత పాకులాట? పెట్టెలో ఒక వైపు ‘దీనికి ఆధారం’, రెండో వైపు ‘దీన్ని నమ్ముకున్నవి’ అని రాయండి. భూమిని నమ్ముకున్నవాళ్ళు అన్నట్టే. తీసేసేటప్పుడు వచ్చే హెచ్చరిక కూడా దాంట్లో ఇమిడిపోతుంది: ‘దీన్ని నమ్ముకున్నవీ దెబ్బతింటాయి’.

గుంటూరు
‘నమ్ముకున్నవి’ ఖాయం చేయొచ్చు. నా ఆధేయం వెనక్కి తీసుకుంటున్నా. అయితే మాటతో పాటు ఒక ఉదాహరణ పెట్టండి, లేకపోతే పట్టుబడదు.

100 × 60 ప్లేటు. మూలకి 5 మి.మీ. ఫిల్లెట్ (మూలని గుండ్రం చేయడం) ముందే వేసి, ఎం10 బోల్టు కోసం 11 మి.మీ. రంధ్రం పెట్టి, దాని కొలతని ఆ ఫిల్లెట్ అంచు నుంచి ఇచ్చారనుకోండి. చూడటానికి అంతా బాగానే ఉంటుంది. రేపు ఫిల్లెట్ తీసేస్తే రంధ్రం స్కెచ్‌కి తప్పు గుర్తు పడుతుంది, ఎందుకంటే కొలత పట్టుకున్న అంచే లేదు. ఆ రంధ్రాన్ని నమ్ముకుని ప్యాటర్న్ (అదే రంధ్రాన్ని వరసగా మళ్ళీ మళ్ళీ వేసేది) ఉంటే అదీ మొరాయిస్తుంది. తీసే ముందు పెట్టె తెరిచి ఫిల్లెట్‌ని ఏవి నమ్ముకున్నాయో చూసి ఉంటే ఈ గొడవే లేదు. కొలత ప్లేటు అసలు ముఖం నుంచో, ప్లేన్ (ఊహా తలం) నుంచో ఇవ్వాలి. ఫిల్లెట్లు ఆఖర్న వేసుకోవాలి. చెట్టులో రంధ్రాన్ని ఫిల్లెట్ పైకి లాగి చూడండి, వెళ్ళదు. ఆధారం కంటే ముందుకి పోనివ్వదు.

ఊరికే పెట్టె తెరిచి మూయడం విసుగనిపిస్తే చెట్టు మొదట్లో ఉన్న ఫైలు పేరు మీద కుడి క్లిక్ కొట్టి డైనమిక్ రిఫరెన్స్ విజువలైజేషన్ పెట్టుకోవచ్చు. ఫీచర్ మీదికి వెళ్తే నీలం బాణాలు ఆధారాల వైపు, ఊదా బాణాలు నమ్ముకున్నవాటి వైపు పోతాయి.

మంగళగిరి
ఫ్రీక్యాడ్ అనే ఇంకో క్యాడ్‌లో టూల్స్ మెనూలో డిపెండెన్సీ గ్రాఫ్ (ఏది దేని మీద ఆధారపడిందో బాణాలతో చూపే బొమ్మ) ఉంది. గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ విడిగా వేసుకోకపోతే బొమ్మ రాదు. అందులో బాణం ప్యాడ్ (అక్కడ ఎక్స్‌ట్రూడ్ లాంటిది) నుంచి స్కెచ్ వైపు వెళ్తుంది. కుర్రాళ్ళు దాన్ని ‘ప్యాడ్ తర్వాత స్కెచ్’ అని చదివేస్తారు. అది పని జరిగిన వరస కాదు. ‘ప్యాడ్ స్కెచ్ మీద ఆధారపడింది’ అని చదవాలి. చూశారా, తెలుగు వాక్యంలో మాటల వరసా బాణం వరసా ఒకటే! బొమ్మలో బాణాలు చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తే మాత్రం ఆ మోడల్ లెక్క తేలదు. దానికి తెలుగు వెతకక్కర్లేదు, కోడి ముందా గుడ్డు ముందా అంటే చాలు.

ఆటోనగర్
ఇంకో రెండు మాటలు మిగిలాయి. ఇన్వెంటర్ అనే మరో క్యాడ్‌లో అసెంబుల్ ట్యాబులో రిలేషన్‌షిప్స్ (భాగాల మధ్య బంధాలు) దగ్గర షో, షో సిక్ అని ఉంటాయి. సిక్ అంటే జబ్బుపడిన బంధమా? సాలిడ్‌వర్క్స్ స్కెచ్‌లో పట్టుకున్న అంచు పోయిన కొలతని డాంగ్లింగ్ అంటారు, దాన్ని వేలాడేది అనొచ్చా?

తెనాలి
జబ్బు వద్దు, నవ్వుతారు. షో నొక్కితే ఎంచిన భాగానికి ఉన్న బంధాలన్నీ గుర్తులుగా కనిపిస్తాయి, షో సిక్‌తో చెడినవి మాత్రమే. ‘చెడిన బంధం’ అంటే చాలు, బేరం చెడింది, పొత్తు చెడింది అంటున్నాంగా. వేలాడేది అంటే ఇంకా ఎక్కడో పట్టు ఉన్నట్టు. ఇక్కడ పట్టే లేదు. ‘దిక్కులేని కొలత’ అనండి.

గుంటూరు
దాని పక్కనే మరమ్మతు కూడా రాసెయ్యండి. దిక్కులేని కొలతని కొట్టి మళ్ళీ వేయక్కర్లేదు. దాని మీద క్లిక్ చేస్తే ఒక కొసన ఎర్ర చుక్క వస్తుంది, ఆ చుక్కని పట్టి కొత్త అంచు మీదికి లాగి వదిలితే అతుక్కుంటుంది. ఏ అంచు మీద వదిలారన్నదే చూసుకోవాలి. మళ్ళీ ఫిల్లెట్ అంచు మీదే వదిలితే కథ మొదటికొస్తుంది.