చిన్న సంగతి పట్టుకుని తెల్లారేదాకా ఆలోచనలు: ఎలా ఆపాలి?

ప్రశ్న (పర్లాకిమిడి)
బజారులో నాది చిన్న బట్టల కొట్టు. పగలు బేరాల్లో పడి ఏమీ తెలియదు. రాత్రి మంచమెక్కగానే మొదలు. ఎవరో ఒకావిడ చీర విప్పించి చూసి, తీసుకోకుండా వెళ్లిపోయిందనుకోండి. ఇక కొట్టు నడవదు, అప్పు తీరదు, పాప చదువు ఆగిపోతుంది, నేనెందుకూ పనికిరాను అనేదాకా పోతుంది. "అలా ఆలోచించకు" అంటుంది మా ఆవిడ. వద్దనుకునేకొద్దీ ఎక్కువవుతోంది. దీన్నుంచి బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు (బరంపురం)
తమ్ముడూ, మాది డేరా వీధి, నేత కుటుంబం. స్కూల్లో లెక్కలు చెబుతాను. నాన్న పోయాక నాకూ ఇదే పట్టుకుంది.

వద్దనుకుంటే పోదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకు చెప్పి, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. తర్వాత తలచుకోవచ్చన్నాక, మొదటినుంచీ తలచుకోమని చెప్పిన వేరే విద్యార్థులకన్నా వీళ్లకే అది ఎక్కువ గుర్తొచ్చింది. కాబట్టి మీలో లోపమేం లేదు.

నాకు పనికొచ్చింది రాయడం. 1960లలో ఏరన్ బెక్ అనే డాక్టరు మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలోది, అంటే ఆలోచనల తీరును సరిచూసుకునే చికిత్స. నోటుపుస్తకంలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు, మనసులోకి వచ్చిన మాట ఉన్నదున్నట్టు: "అమ్మాయి ఫోన్ ఎత్తలేదు, ఏదో అయింది." కుడివైపు, తెలిసిన సంగతి మాత్రమే: "భువనేశ్వర్ నుంచి రైల్లో వస్తోంది. పోయినసారీ దారిలో ఫోన్ కలవలేదు." ధైర్యం చెప్పుకునే మాటలు అక్కడ రాయకండి, మనసు వాటిని నమ్మదు. మంచం మీద వద్దు, షట్టర్ దించేముందు కొట్లోనే రాయండి.

జవాబు (రాయగడ)
నాకు రాయడం పడలేదండీ. రాసేకొద్దీ ఇంకా తవ్వుకునేవాణ్ణి. పొద్దున్నే పక్కింటి మామయ్యగారితో నడకకు వెళ్లడం మొదలుపెట్టాకే తేలికపడింది. ఆయన నా బాధ గురించి అడగరు, కూరగాయల ధరలు మాట్లాడతారు. అదే మేలైంది.

జవాబు (జయపురం)
నేను నర్సుని. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే, ఏ పని మీదా మనసు పోకపోతే డాక్టరుకు చూపించుకోండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్లేలోపు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది, మనసు బాధలకు ఫోన్లోనే సాయం చేస్తారు. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ దండాలు. అలాంటి ఆలోచన లేదమ్మా, నిద్రే సరిగా పట్టడం లేదు. ఈ వారం చూసి ఫోన్ చేస్తాను. అక్కా, బిల్లు పుస్తకం వెనక రాశాను. "కొట్టు నడవదు" ఎదురుగా, దసరాకి వచ్చిన సరుకులో మిగిలినవి నాలుగు చీరలేనని రాశాను. "నేను పనికిరాను" ఎదురుగా ఏం రాయాలో తోచలేదు.

జవాబు (బరంపురం)
అంత పెద్ద మాటకు ఎవరూ జవాబు రాయలేరు తమ్ముడూ. ఏ పనికి పనికిరారో అడిగి రాయండి. ఆవిడ చీర ఎందుకు వదిలేసింది? రంగా, ధరా? రంగు నచ్చకపోతే అది మీ గురించిన సంగతే కాదు. ధర ఎక్కువనిపిస్తే, ఈసారి సరుకు తెచ్చేటప్పుడు తక్కువ ధరవి కొన్ని తెప్పించండి.