మినీ ఫ్రిజ్‌లో టిన్నులు చల్లబడట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

వేళచ్చేరి కుర్రాడు: పొద్దున తొమ్మిదింటికి ఆరు టిన్నులు పెట్టా. ఇప్పుడు నాలుగైంది. తీసి తాగితే కుళాయి నీళ్ల కంటే కాస్త నయం, అంతే. ప్లగ్ మార్చా, వేరే గదిలో పెట్టి చూశా, పదినిమిషాలకోసారి తలుపు తీసి చెయ్యి పెట్టి చూస్తున్నా. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. కొని మూడు వారాలే. గ్యాస్ అయిపోయిందా? రాత్రికి మా బావ నెల్లూరు నుంచి వస్తున్నాడు.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: కంప్రెసర్ ఉందా?

వేళచ్చేరి కుర్రాడు: ఫ్రిజ్ అన్నాక ఉంటుంది కదండీ.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: ఒంటిచేత్తో లేస్తుందా?

వేళచ్చేరి కుర్రాడు: లేస్తుంది.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: అంత తేలికంటే కంప్రెసర్ లేనట్టే. గ్యాసూ లేదు, అయిపోవడానికి.

పెరంబూర్ పెద్దాయన: బాబూ, ముందు స్టెబిలైజర్ పెట్టావా? మా వీధిలో సాయంత్రమైతే వోల్టేజి ఎంత పడిపోతుందో ఎవరికీ పట్టదు. 1987లో కొన్న మా ఫ్రిజ్ ఇరవై రెండేళ్లు పనిచేసిందంటే స్టెబిలైజర్ వల్లే. ఈ కాలం పిల్లలు ఏదైనా గోడకి గుచ్చేసి...

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: అడాప్టర్‌తో నడిచే డబ్బాకి స్టెబిలైజర్ ఎందుకండీ.

అడయార్ అక్క: తమ్ముడూ, అది పెల్టియర్ రకం. లోపల చిన్న బిళ్ల ఉంటుంది, కరెంటు పారితే దానికి ఒక పక్క చల్లబడుతుంది, రెండో పక్క వేడెక్కుతుంది. ఆ వేడిని వెనక ఫ్యాను బయటికి తోయాలి. ఇలాంటివి గది వేడి కంటే పదిహేను, మహా అయితే ఇరవై డిగ్రీలు దించుతాయి. గదిలో 36 ఉంటే లోపల 18 రావడమే గొప్ప. ఇంతకీ ఎక్కడ పెట్టావ్? ఏసీ ఉందా?

వేళచ్చేరి కుర్రాడు: ఏసీ లేదు. టీవీ కింద చెక్క అరలో పెట్టా, నీట్‌గా ఉంటుందని. వెనక గోడే.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది.

అడయార్ అక్క: బయటికి లాగు. వెనక జానెడు ఖాళీ ఉండాలి. అరలో పెడితే తన వేడిగాలే మళ్లీ పీల్చుకుంటుంది. వెనక జల్లెడ దగ్గర అరచెయ్యి పెట్టు, వెచ్చటి గాలి బాగా తగిలితే మెషీన్ బాగున్నట్టే. దుమ్ముంటే ప్లగ్ పీకి పాత టూత్‌బ్రష్‌తో దులుపు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగు, సులువుగా జారొచ్చిందంటే రబ్బరు సరిగా కూర్చోవట్లేదు. ఊరికే తెరవకు. చెన్నై గాలిలో తేమెక్కువ, తీసిన ప్రతిసారీ చెమ్మ చేరి అడుగున నీళ్లు నిలుస్తాయి. ఇంటివాళ్ల పెద్ద ఫ్రిజ్‌లో ముందు చల్లబరిచి ఇందులో పెట్టుకుంటే చల్లదనం నిలుస్తుంది. ఇది నిలబెట్టే పెట్టె, చల్లబరిచేది కాదు.

భాషాప్రియుడు: పెల్టియర్ కాదండీ, పెల్టియే. ఫ్రెంచాయన పేరది, ఇలా ఒక పక్క చల్లబడటాన్ని 1834లో కనిపెట్టాడు.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: షాపులో పెల్టియే అంటే ఎవడూ ఇవ్వడు.

భాషాప్రియుడు: షాపువాడికి తెలియకపోతే పేరు మారిపోతుందా?

పెరంబూర్ పెద్దాయన: కుండలో నీళ్లు తాగినవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు.

అడయార్ అక్క: బాబాయ్ గారూ, ఈ ఉక్కలో కుండ కూడా అంతంత మాత్రమే. నీరు ఆవిరైతేనే కదా చల్లబడేది! తమ్ముడూ, బావకి ఈ రాత్రికే కావాలంటే బకెట్‌లో ఐసు, నీళ్లు, రెండు గుప్పెళ్ల కల్లుప్పు వేసి టిన్నులు ముంచి తిప్పుతూ ఉండు. పావుగంట చాలు.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్: కంప్రెసర్‌ది కొనుక్కో.

భాషాప్రియుడు: కంప్రెసర్ ఉంటేనే ఫ్రిజ్ అనాలి. దీన్ని కూలర్ అనాలి.

పెరంబూర్ పెద్దాయన: కూలర్ అంటే గడ్డి కూలర్ కదా?

వేళచ్చేరి కుర్రాడు: అరలోంచి తీశా, వెనక గాలి బాగానే వేడిగా వస్తోంది. ఐసు తెచ్చా. థ్యాంక్సక్కా. ఇప్పుడే కరెంటు పోయింది.