జాగ్వార్ టైప్ 00: ఇంజిన్ లేని కారుకి అంత బానెట్ ఎందుకు?

బానెట్ బాబాయ్, సైనిక్‌పురి:

ముందే చెప్తున్నా, నేను జాగ్వార్ కొనేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి. 2024 డిసెంబర్‌లో మయామీలో చూపించిన టైప్ 00 ఫొటోలు మా తమ్ముడి కొడుకు నిన్న మళ్లీ పంపి, ఎట్లుంది పెదనాన్నా అని అడిగాడు. చూడనివాళ్ల కోసం: రెండు తలుపుల కూపే, పూర్తిగా ఎలక్ట్రిక్, ఇంకా కాన్సెప్టే, అంటే చూపించడానికి చేసిన నమూనా. కారులో సగం బానెట్టే అనిపిస్తుంది, పైకప్పు తలుపుల దగ్గర మొదలై వెనక్కి జారిపోతుంది, చక్రాలు 23 అంగుళాలు, వెనక్కి చూసే పెద్ద గాజు అద్దం అసలు లేదు. ఒక బండి గులాబీ రంగు, ఇంకోటి నీలం.

నా గొడవ బానెట్‌తోనే. 1961లో జాగ్వార్ వాళ్ల పాత స్పోర్ట్స్ కారు ఈ-టైప్‌కి అంత ముక్కు ఎందుకొచ్చింది? లోపల 3.8 లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడి ఉన్నాయి, వాటికి చోటు కావాలి కాబట్టి. మన చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్ ఉంది కదా, 1912 నాటిది, దాని బానెట్ కూడా అందుకే అంత. ఇక్కడేమో బ్యాటరీ నేల కింద, మోటార్లు చక్రాల దగ్గర. మరి ఆ పొడుగు బానెట్ కింద ఏముంది? పైన పటారం లోన లొటారం.

కొత్తపేట కూపే:

బాబాయ్, మీసానికి ఏం పని ఉందని పెంచుతాం? నీ ఫొటోలో బానే మెలేసి ఉంది మరి.

ఎలక్ట్రిక్ అనగానే ముక్కు కోసేసి ముందద్దాన్ని ముందుకు జరిపితే లోపల చోటు పెరుగుతుంది, నిజమే, అందుకే గత ఐదారేళ్లలో వచ్చిన ఎలక్ట్రిక్ బండ్లు సగం వాడిన సబ్బు బిళ్లల్లా ఉన్నాయి. కొండాపూర్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో ఆరు బండ్లు వరసగా ఉంటే రిమోట్ నొక్కి లైట్ వెలిగితే తప్ప నాది ఏదో నాకు తెలీదు. స్పోర్ట్స్ కూపేని చోటు కోసం ఎవడు కొంటాడు? ఇంకో మాట, 1975లో ఈ-టైప్ తర్వాత జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ వచ్చినప్పుడు వెనకద్దం పక్కన ఆ రెక్కలేంటి, ఈ-టైప్ పరువు తీశారు అని ఇలాగే తిట్టారు. 1996 దాకా తయారైంది ఆ బండి. కొత్త రూపం మొదటి రోజు ఎవరికీ నచ్చదు.

ఓఆర్‌ఆర్ ఆదివారం:

రెక్కలున్నా ఎక్స్‌జే-ఎస్‌కి వెనకద్దం ఉంది భయ్యా, తేడా అదే. దీనికి కెమెరాలే దిక్కు. ముందు చక్రాల వెనక ఇత్తడి పలక లాంటిది ఒకటి ఉంటుంది, అది తెరుచుకుని కెమెరా బయటపడుతుంది. అద్భుతం. అంబర్‌పేట గల్లీలో రివర్స్ తీసి చూపించమనండి. వెనక పిల్లాడి సైకిల్, పక్కన ఇసుక కుప్ప, పైనుంచి మూడో అంతస్తు ఆంటీ రానీ రానీ అంటుంది. ఆగస్టు వానలో ఆ కెమెరా మీద బురద పడితే దిగి తుడిచి మళ్లీ ఎక్కాలి.

ఒక డౌటు కూడా ఉంది. వెనకద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలని రూలు, నల్ల ఫిల్మ్ వేస్తే చలానా, 2012లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచీ పీకించుకుంటూనే ఉన్నాం. అద్దమే లేని బండిని ఆపి ఎస్సై గారు ఏం కొలుస్తారు?

కొత్తపేట కూపే:

పోల్‌స్టార్ 4కి కూడా వెనకద్దం లేదు అన్నా, అది కాన్సెప్ట్ కాదు, రోడ్డు మీద తిరుగుతున్న బండి. లోపలి మిర్రర్ స్థానంలో స్క్రీన్ పెట్టారు. మన డీసీఎం వ్యాన్లకి వెనకద్దం ఉందా? నడపట్లేదా?

ఓఆర్‌ఆర్ ఆదివారం:

డీసీఎంకి క్లీనర్ ఉంటాడు. వెనక నిలబడి ఆనేదే ఆనేదే అని డబ్బా మీద కొడతాడు. జాగ్వార్‌తో పాటు అతన్నీ ఇస్తారా?

టింకరింగ్ తమ్ముడు, మలక్‌పేట:

అన్నలందరూ ముక్కు, తోక గురించే మాట్లాడుతున్నారు, నడుము ఎవరూ చూడట్లే. నేను డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తా, పదకొండేళ్లయింది. ఆ బండి పక్కభాగం ఫొటో పెద్దది చేసి చూశా. తలుపు మీద ఒక్క గీత లేదు, మడత లేదు. ఇది ఎంత కష్టమో బయటివాళ్లకి తెలీదు.

మా షాపులో గోడకి రెండు ట్యూబులైట్లు నిలువుగా పెట్టుకున్నాం. రంగు ఆరాక బండిని అటు తిప్పి, తలుపులో ఆ లైట్ నీడ చూస్తాం. నీడ గీత నిటారుగా ఉంటే పని అయినట్టు. నీళ్లలో పడ్డట్టు వంకర్లు పోయిందంటే లోపల రేకు అలలు పోయిందనే లెక్క, మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దుడు. మా ఉస్తాద్‌కి లైటు కూడా అక్కర్లేదు, పాత బనీను గుడ్డ అరచేతి కింద పెట్టుకుని కళ్లు మూసి తడిమి, ఇక్కడుంది చూడు అంటాడు. మామూలు కార్ల తలుపుల మీద గీతలు అందానికి మాత్రమే కాదు, మడత ఉంటే పల్చటి రేకు బిగువుగా నిలబడుతుంది, చిన్న అల ఉన్నా ఆ గీత దాస్తుంది. గీత లేని తలుపు అంటే దాచుకునే చోటు లేదు. కాన్సెప్ట్ కాబట్టి ఒక్క బండిని చేత్తో దిద్ది తెస్తారు. రోజుకి వంద తలుపులు ప్రెస్సులోంచి వస్తుంటే ఈ నునుపు నిలబెట్టగలిగితే దండం పెడతా.

పైగా ఎర్రగడ్డ దగ్గర ఏ బైకువాడో హ్యాండిల్ రాస్తే నా దగ్గరికే రావాలి. నేను మాత్రం ఆ తలుపు ముట్టను.

మట్టి బండి:

తమ్ముడు చెప్పిందే మాకు క్లాసులోనూ చెప్తారు (ఆటో డిజైన్ చదువుతున్నా). మట్టితో నమూనా చేశాక దాని మీద వెండిరంగు ప్లాస్టిక్ పొర లాగి అతికిస్తాం, వెలుతురు ఎలా జారుతుందో చూడ్డానికే. మొదటిసారి నా నమూనా మీద పొర వేసినప్పుడు తలుపు మధ్యలో బొడ్డులా ఒక గుంట కనబడింది, రెండు వారాలు రోజూ దాన్ని తడిమి కూడా కనిపెట్టలేకపోయా. మీ ఉస్తాద్ చెయ్యి నాకు కావాలి.

బాబాయ్ గారికి ఒక సంగతి. ఈ-టైప్ గీసిన మాల్కం సేయర్ అంతకుముందు బ్రిస్టల్ విమానాల కంపెనీలో పనిచేశాడు, గాలి లెక్కల మనిషి. ఆ ముక్కు గుండ్రంగా, కిందికి వాలుతూ ఉండటం వెనక ఆ లెక్క ఉంది. టైప్ 00లో ముక్కు గోడ కట్టినట్టు నిటారుగా ఉంది. కాబట్టి పొడవు తాతదే, చూపు తాతది కాదు. నాకు నచ్చనిది అది. ముందూ వెనకా ఆ సన్నటి అడ్డగీతల వరస చూస్తే ఆదివారం అబిడ్స్‌లో దించేసిన షట్టర్ గుర్తొస్తుంది. వెనకద్దం లేకపోవడం నాకు సమ్మతమే, ఆ జారుడు పైకప్పుకి అద్దం పెట్టినా అందులోంచి కనిపించేది ఆకాశమే.

నానోలో నేను:

అందరూ రంగు వదిలేశారేంటి. ఆ గులాబీ మయామీలో పాత మేడల రంగట. మన దగ్గర ఆ రంగు బండి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటితే ఎన్నికల ప్రచార రథం అనుకుని వెనక నాలుగు బైకులు కడతారు.

వింతగా ఉండటమే గొప్పయితే బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉండనే ఉంది. బూటు కారు, బ్యాటు కారు, బర్గర్ కారు. అవి నిజంగా నడుస్తాయి కూడా. వాటిని చూస్తే నవ్వొస్తుంది, దీన్ని చూస్తే ఎవరో నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

కొత్తపేట కూపే:

హహ. కానీ చూడు, 2008 నుంచి జాగ్వార్ టాటాల చేతిలో ఉంది, నీ నానో చేసిందీ వాళ్లే. వరసకి నీ బండికి అన్న.

బానెట్ బాబాయ్:

రాత్రంతా అన్నీ చదివా. మీసం మాటకి మా ఇంట్లో ఇంకా నవ్వుతున్నారు, ఫర్వాలేదు.

తలుపు విషయంలో తమ్ముడికి పూర్తిగా లొంగిపోయా. మళ్లీ ఫొటో తీసి పక్కభాగం ఒక్కటే చూశా, ముక్కు చేత్తో మూసి. బాగుంది. చేయి తీస్తే మళ్లీ బాగాలేదు. మట్టి బండి అమ్మాయి చెప్పాకే నాకు తెలిసింది, నాకు కంట్లో పడుతున్నది పొడవు కాదు, ఆ నిటారు గోడ. ఈ-టైప్ బానెట్ ఎటో పోతున్నట్టు ఉంటుంది, ఇది సిగ్నల్ దగ్గర ఆగి హారన్ కొడుతున్నట్టు ఉంది. వెనకద్దం మాత్రం ఒప్పుకోను. నేను 1994 నుంచి బండి నడుపుతున్నా, తల తిప్పి చూడకుండా రివర్స్ తీసింది ఒక్కసారే, ఆ రోజే మా గేటు పోయింది.

అయినా అమ్మకానికి తెచ్చేది నాలుగు తలుపుల బండి అని వాళ్లే చెప్పారు. ఈ కూపే అలా బొమ్మగానే ఉండిపోతుంది. అందుకని మావాడికి చెప్పా, నిజం బానెట్ చూపిస్తా పద, శుక్రవారం సెలవు పెట్టి చౌమహల్లా వెళ్దాం అని.

నానోలో నేను:

శుక్రవారం చౌమహల్లా మూసి ఉంటుంది బాబాయ్. శనివారం రండి, నేనూ వస్తా.

టింకరింగ్ తమ్ముడు:

ఆ పసుపు రేకు మీద అలలు ఉన్నాయేమో చూసి చెప్పండి అన్నా. ముట్టనివ్వరు, నీడ చూడండి చాలు.