రెండేళ్ల కోర్సు అవ్వగానే విమాన మెకానిక్ లైసెన్సు వస్తుందా?

రాజోలు కుర్రాడు:
నమస్కారమండి. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయింది. నాన్నగారు రొయ్యల చెరువుల ఏరేటర్లు, డీజిల్ ఇంజన్లు రిపేరు చేస్తారు. సెలవుల్లో నేనూ గేర్‌బాక్సులు విప్పుతుంటాను. మొన్న ఒక కాలేజీ తరఫున ఒకాయన వచ్చి, "రెండేళ్ల ఏఎమ్‌ఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కోర్సు, అవ్వగానే చేతికి లైసెన్సు" అన్నారు. ఫీజు కోసం కొబ్బరితోట తాకట్టు పెడదామంటున్నారు నాన్న. ఒకటే టెన్షన్. చేరొచ్చాండి?

పాలకొల్లు బాబాయ్:
మా తోడల్లుడి కొడుకు ఆ కోర్సే చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. హాయిగా బీటెక్‌లో చేరు బాబూ.

మండపేట అమ్మాయి:
తమ్ముడూ, ముందు ఆ తాకట్టు ఆపించు. నాది బీ1.1 లైసెన్సు, అంటే టర్బైన్ ఇంజన్ల విమానాలది. శంషాబాద్‌లో పని. కాలేజీ ఇచ్చేది సర్టిఫికెట్టే. లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ, అంటే కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన నియంత్రణ సంస్థ. దానికి వాళ్ల పరీక్షలు పాసవ్వాలి, విమానాల మీద పని చేసినట్టు చూపించాలి.

పరీక్షలు మాడ్యూళ్లుగా ఉంటాయి. ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి, 74 వస్తే తప్పినట్టే. గ్యాస్ టర్బైన్ ఇంజన్లది 15వ మాడ్యూల్. అందరూ దానికే భయపడతారు కానీ నన్ను ఏడిపించింది 10వది, చట్టాలూ నిబంధనలూ. ఇంజన్ ఒకసారి అర్థమైతే గుర్తుండిపోతుంది, రూల్స్ అలా కాదు మరి.

డీజీసీఏ ఆమోదించిన సంస్థలో బీ1.1 కోర్సు పూర్తి చేస్తే, ఎగురుతున్న విమానాల మీద 2 ఏళ్ల అనుభవం చాలు. ఏ సాంకేతిక చదువూ లేకపోతే 5 ఏళ్లు. చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టించుకోవాలి. మొదట్లో ఒక హ్యాంగర్లో, అదే విమానాల షెడ్డులో, ఎనిమిది నెలలు చక్రాలు మార్చాను, గ్రీజు పూశాను, సంతకాలు తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను. ఈలోగా మా సూపర్‌వైజర్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. ఆ ఎనిమిది నెలలూ గోదాట్లో కలిసిపోయాయి.

లైసెన్సు వచ్చినంత మాత్రాన ఏ విమానం మీద పడితే ఆ విమానానికి ఎగరొచ్చని సంతకం పెట్టలేవు. మన మధురపూడికి, అదే రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి, వచ్చే ఏటీఆర్ విమానానికి వేరే టైప్ రేటింగు (ఆ రకం విమానానికి లైసెన్సులో ఉండాల్సిన అనుమతి), ఎయిర్‌బస్ ఏ320కి వేరేది. ఆపైన కంపెనీ కూడా అధికారం ఇవ్వాలి.

ఇంకోటి. ఏరేటర్ బిగించాక ఓ వాషర్ మిగిలితే డబ్బాలో పడేస్తారు కదా? ఇక్కడ టూల్‌బాక్సులో ఒక్క స్పానర్ లెక్క తగ్గినా, అది దొరికేదాకా విమానం కదలదు.

ఆ కాలేజీ ఆయన్ని ఇవి అడుగు: సీఏఆర్-147 ఆమోదం (ఈ కోర్సు నడపడానికి డీజీసీఏ ఇచ్చేది) ఇప్పుడు ఉందా, ఏ కేటగిరీకి, ప్రాక్టికల్స్ ఎక్కడ? జవాబు కాగితం మీద ఇమ్మను. డీజీసీఏ సైట్‌లో నువ్వూ చూసుకో.

రాజోలు కుర్రాడు:
అడిగాను అక్కా. "ముందు అడ్వాన్సు కట్టండి, అన్నీ తర్వాత" అన్నారు. నాన్న తాకట్టు మాట మానేశారు. వేరే కాలేజీలు చూస్తున్నాం. మా షెడ్డులో చేసిన పని అనుభవం కింద లెక్కకొస్తుందా?

మండపేట అమ్మాయి:
రాదు తమ్ముడూ, విమానాల మీద చేసిందే లెక్క. ఖాళీగా ఉంటే లాకింగ్ వైరు కట్టడం నేర్చుకో. తలకి బెజ్జం ఉన్న రెండు బోల్టుల్ని తీగ మెలేసి కలిపి కట్టాలి, ఒకటి వదులవ్వబోతే రెండోదాన్ని బిగించే వైపు లాగాలి. మొదటి నెలంతా నాచేత అదే కట్టించారు. తీగ కొసలు లోపలికి వంచు, లేకపోతే వేళ్లు చీరుకుపోతాయి.